ఊరి బడికి ఊరి ఉస్తానీ

జూన్ నెల వచ్చిందంటే మన సంఘాలకు ఒక పని తప్పదు. ఉర్దూ బడిలో టీచర్లు లేరని వినతిపత్రం రాయించి, పదిమంది కలిసి కలెక్టరేటుకు వెళ్లి, అర్జీ అందజేసి, ఫోటో దిగి తిరిగి రావడం. మరునాడు ఆ ఫోటో జిల్లా పేజీలో అచ్చవుతుంది. బడిలో ఆ కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంటుంది. అధికారులు చెప్పే జవాబు కూడా ఏళ్ల తరబడి ఒక్కటే: పోస్టులు ఉన్నాయి, అర్హులైన అభ్యర్థులు లేరు.

ఈ జవాబులో అబద్ధం లేదు. మనల్ని నోరెత్తనివ్వని శక్తి దానికి అక్కడినుంచే వచ్చింది. అర్హులు ఎందుకు లేరన్న ప్రశ్నను అధికారి వేసుకోడు. అడగవలసిన మనమూ అడగము. పోస్టుల మంజూరు కోసం ధర్నాలు చేసిన మనం, ఆ పోస్టులో కూర్చోవలసిన మనిషి తయారయ్యే దారి కోసం ఒక్కనాడూ ధర్నా చేయలేదు. ఆ దారి నిరుపేద ముస్లిం కుటుంబానికి అందనంత దూరంలో, మోయలేనంత ఖర్చుతో ఉన్నదనీ, దాన్ని ఊరి దగ్గరకు, పేదవాడి స్తోమతకు తీసుకురానిదే ఎన్ని డీఎస్సీలు వేసినా ఉర్దూ బడి నిలవదనీ ఈ వ్యాసకర్త వాదన.

బడి ఎలా మూతపడుతుందో తెలియనివారు మనలో లేరు. మొదట ఒక టీచరు పదవీ విరమణ చేస్తారు. ఆ స్థానంలో ఎవరూ రారు. మిగిలిన ఒక్కరే ఐదు తరగతులూ చూస్తారు. ఏడాది తిరిగేసరికి తండ్రులు మగపిల్లలను ప్రైవేటు ఇంగ్లీషు బడికి మారుస్తారు. ఆడపిల్లలు అక్కడే మిగిలిపోతారు. తర్వాత లెక్క తీసిన అధికారి పిల్లల సంఖ్య తక్కువని తేల్చి, ఆ బడిని పక్క బడిలో కలుపుతాడు. పక్క బడి రహదారికి అవతల ఉంటుంది, లేదా అక్కడ ఉర్దూ ఉండదు. చివరి దశలో ఇంట్లో ఆగిపోయేది ఆ ఆడపిల్లే. పిల్లలు లేక బడి మూతపడిందని దస్త్రంలో రాస్తారు. టీచరు లేక పిల్లలు వెళ్లిపోయారన్న మొదటి వాక్యం ఏ దస్త్రంలోనూ ఉండదు.

ఇప్పుడు ఆ దారిని పరిశీలిద్దాం. ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు ఉండాలి. డీసెట్ రాసి సీటు తెచ్చుకోవాలి. రెండేళ్ల డీఎల్‌ఎడ్ పూర్తి చేయాలి. మన పెద్దలు ఇప్పటికీ దాన్ని టీటీసీ అనే అంటారు. ఆపైన టెట్, ఆ తర్వాత డీఎస్సీ. డీఎస్సీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీ కోసం అభ్యర్థులు ఎన్నేళ్లు ఎదురుచూశారో, 2024లో 11,062 పోస్టుల కోసం తెలంగాణ అభ్యర్థులు ఎన్నేళ్లు ఎదురుచూశారో వారి తల్లిదండ్రులను అడగాలి.

ఈ దారిలో మనవాళ్లు పోగొట్టుకున్న ఒక పెద్ద అవకాశాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీఎడ్ చేసినవారిని కూడా ప్రాథమిక తరగతులకు అర్హులుగా గుర్తించింది. దగ్గరలో ఏదో ఒక ప్రైవేటు బీఎడ్ కళాశాల ఉంటుంది, డైట్ మాత్రం దూరం. కనుక డిగ్రీ పూర్తిచేసిన మన ఆడపిల్లలు చాలామంది బీఎడ్‌లో చేరారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టివేసింది. ప్రాథమిక తరగతులకు డీఎల్‌ఎడ్ తప్పనిసరి అని తేల్చింది. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఆరేళ్ల పిల్లకు అలిఫ్, బే నేర్పే విద్య వేరు, పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే విద్య వేరు. అయితే దగ్గర దారి మూసిన ప్రభుత్వం సరైన దారిని దగ్గరకు తెచ్చిందా అంటే, లేదు. బీఎడ్ పట్టాతో ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు కడపలోనూ, ఆదోనిలోనూ, నిజామాబాద్‌లోనూ ఉన్నారు. పక్కవీధిలోని ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో టీచరు లేడు. ఆ అమ్మాయికీ ఆ బడికీ నడుమ ఉన్నది రెండేళ్ల డీఎల్‌ఎడ్ మాత్రమే.

ఆ రెండేళ్లు ఎక్కడ చదవాలి? 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాకొక డైట్ వచ్చింది. అవి వెలసిన చోట్లు చూడండి. పాత అనంతపురం జిల్లాది బుక్కపట్నంలో, గుంటూరుది బోయపాలెంలో, కృష్ణాది అంగలూరులో, చిత్తూరుది కార్వేటినగరంలో. మదనపల్లె ఆడపిల్ల కార్వేటినగరం వెళ్లాలంటే పాత జిల్లాను ఒక కొసనుంచి మరో కొసకు దాటాలి. రోజూ వెళ్లి రావడం కుదరదు. అక్కడే ఉండాలంటే హాస్టలు, భోజనం, రాకపోకలు. తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 2022లో 26 అయ్యాయి. కలెక్టర్లు, ఎస్పీలు, కొత్త భవనాలు వచ్చాయి. శిక్షణ సంస్థలు మాత్రం పాత జిల్లాల లెక్కలోనే ఉండిపోయాయి. వాటిలో ఉర్దూ మాధ్యమ విభాగం ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా దక్కింది. బోర్డుల మీద అక్షరాలు పెరిగాయి. ఆ అక్షరాలు నేర్పేవారిని తయారుచేసే సీట్లు ఎన్ని పెరిగాయో ప్రభుత్వాలే చెప్పాలి.

ఖర్చు మాట వచ్చినప్పుడు మన నాయకులు ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మాట్లాడతారు. ఫీజు అందులో చిన్న భాగం. బోధన్‌లోనో, కోరుట్లలోనో బీడీలు చుట్టే ఇంట్లో ఇంటర్ చదివిన అమ్మాయి అంటే రోజుకు ఇన్ని వందల బీడీలు చుట్టే రెండు చేతులు. ఆమె రెండేళ్లు బయటి ఊళ్లో చదివితే ఆ సంపాదన ఆగుతుంది, పైగా నెలకు ఇంత అని పంపాలి. డీఎల్‌ఎడ్ తర్వాత టెట్‌కు, డీఎస్సీకి కోచింగ్. డీఎస్సీ కోచింగ్ అంటే అవనిగడ్డ అని పేరుపడింది. రాయచోటి ఆటోడ్రైవరు కూతురిని అవనిగడ్డలో ఆరునెలలు ఉంచగలడా? ఇంత లెక్క వేసుకున్న తండ్రి పెళ్లి చేసేద్దామని నిర్ణయిస్తే అతన్ని ఛాందసుడని తిట్టేవారున్నారు. నేను తిట్టను. అతని లెక్క తప్పు కాదు. అతని ముందు మనం పెట్టిన లెక్కే తప్పు.

ఈ సందులో దూరి బతుకుతున్న వ్యాపారం ఒకటి ఉంది. హాజరు అక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు, అదనంగా ఇంత కట్టండి అనే కళాశాలలు. ఇలాంటి వాటిలో మైనారిటీ బోర్డు తగిలించుకున్నవీ ఉన్నాయని చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. మైనారిటీలు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చింది. ఆ హక్కు మీద ఎవరైనా చేయి వేస్తే మనం వీధిలోకి వస్తాం, రావాలి కూడా. ఆ హక్కు పేరుతో పట్టాలు అమ్ముకునేవాడిని ఏ జల్సాలోనైనా వేదిక దింపామా? దింపకపోగా పూలదండ వేశాం. ఒక్క రోజైనా పిల్లల ముందు నిలబడకుండా పట్టా తెచ్చుకున్న టీచరు ఎవరి బడికి వస్తాడు? మన బడికే.

కేంద్రం మాటకూ చేతకూ ఉన్న దూరం ఇంకా విచిత్రం. 2020 జాతీయ విద్యావిధానంలో ఉపాధ్యాయుల అధ్యాయం తెరిస్తే మొదట్లోనే ఒక మంచి మాట కనిపిస్తుంది. గ్రామీణ ప్రాంతాల విద్యార్థులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, నాలుగేళ్ల బీఎడ్ చదవడానికి ప్రత్యేక ఉపకార వేతనాలు ఇస్తారట. చదువు పూర్తయ్యాక సొంత ప్రాంతంలోనే ఉద్యోగంలో ప్రాధాన్యం ఇస్తారట. స్థానిక భాష తెలిసిన ఆ టీచర్లు అక్కడి పిల్లలకు ఆదర్శంగా నిలుస్తారట. మనం కోరేది అక్షరాలా ఇదే. ఈ ఉపకార వేతనం ప్రకటనను మీ ఊళ్లో ఏ నోటీసు బోర్డు మీదనైనా చూశారేమో పాఠకులే చెప్పాలి. మన అనుభవంలో ఉన్నది మాత్రం ఇది: 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ ఉపకార వేతనం ఆగిపోయింది, అదే ఏడాది మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేశారు, 2024లో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌నే మూసివేయాలని ఆదేశించారు. పొలం తడవకముందే కాలువ పూడ్చారు.

రోస్టరు సంగతి కొంచెం సున్నితమైనది, అయినా విప్పి చెప్పాలి. ఉర్దూ మాధ్యమ పోస్టులకు కూడా సాధారణ రోస్టరే వర్తిస్తుంది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఆంధ్రలో 6, తెలంగాణలో 10. అంటే నూటికి 21 నుంచి 25 ఉర్దూ పోస్టులు ఆ వర్గాలకు పోతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దాదాపు ఉండరు గనుక ఆ పోస్టులు డీఎస్సీ తర్వాత డీఎస్సీకి అలాగే ఖాళీగా మిగులుతున్నాయి. ముస్లింలలోని దళితులు వాటికి పోటీపడవచ్చు కదా అంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు కాగలరు. అదే వృత్తి, అదే వాడ, అదే అవమానం. మతం వేరైనందుకు హోదా లేదు. ఇక్కడ మనవాళ్లు కొందరు దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్‌ను శత్రువుగా చూపుతూ మాట్లాడుతున్నారు. అది అన్యాయం, అవివేకం కూడా. 2007 నుంచి బీసీ-ఈ కింద మనకు దక్కిన 4 శాతం కోర్టుల్లో వేలాడుతూ బతికింది సామాజిక న్యాయం అనే సూత్రం మీదనే. కోరవలసింది వేరు. ఉర్దూలో ఖాళీగా మిగిలే ఎస్సీ, ఎస్టీ పోస్టులను అంతే సంఖ్యలో అదే జిల్లా తెలుగు మాధ్యమ రోస్టరులోకి మార్చి, ఆ మేరకు తెలుగులోని జనరల్ పోస్టులను ఉర్దూకు ఇవ్వాలి. వారికి ఒక్క పోస్టూ పోదు, పైగా ఖాళీగా పడి ఉన్నది చేతికి వస్తుంది. మన పిల్లలకు టీచరు వస్తాడు. దళిత సంఘాలతో కలిసి ఈ డిమాండు పెట్టడానికి అడ్డేమిటి?

ఇంతకూ ఊరి టీచరే ఎందుకు, అర్హత ఉన్న ఎవరైనా చాలదా అని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. 'హౌ' అంటారు, 'నక్కో' అంటారు. పుస్తకంలో ఉండే ఉర్దూ లఖ్నవూ ఉర్దూ. మొదటి తరగతిలో ఇంటి మాటను చిన్నచూపు చూడకుండా, దాని చేయి పట్టుకుని పుస్తకపు మాట దాకా నడిపించగలిగేది ఆ మాట పుట్టుకతో తెలిసిన మనిషే. కోస్తాలో సంగతి మరొకలా ఉంటుంది. అక్కడ దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో, ఇంకా చాలా ముస్లిం ఇళ్లలో తెలుగే ఇంటి భాష. మనం చదువుతున్న ఈ పత్రిక తెలుగులో రావడానికి కారణమూ అదే. కాబట్టి ఊరి టీచరు అంటే తప్పనిసరిగా ఉర్దూ టీచరనే అర్థం లేదు. ఆ వాడ పిల్లల ఇంటి భాష ఏదైతే అది. 1956లో ఏడో సవరణ ద్వారా వచ్చిన రాజ్యాంగ 350ఏ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని ప్రతి రాష్ట్రానికీ చెబుతోంది. టీచరు లేని వసతి ఏం వసతి?

మరొక కారణం ఆడపిల్లల చదువు. ఎనిమిదో తరగతి తర్వాత కూతురిని పంపాలా వద్దా అని తటపటాయించే తల్లి ఎవరి మాట వింటుంది? బస్సు దిగి, గంట కొట్టగానే మళ్లీ బస్సెక్కే మనిషి మాట వినదు. తన గల్లీలో పుట్టి, తన కళ్లముందు బురఖా వేసుకుని కాలేజీకి వెళ్లి, ఇప్పుడు జీతం తెస్తున్న ఉస్తానీ మాట వింటుంది.

స్థానికుల్ని పెడితే బంధుత్వాలు, అలసత్వం పెరుగుతాయన్న అభ్యంతరం కొంత నిజమే. కానీ బయటి టీచరు రాకపోతే నిలదీసే అవకాశం కూడా ఉండదు. ఊరి టీచరు రాకపోతే సాయంత్రం మస్జిదు దగ్గర ఆమె అన్నను అడగవచ్చు.

చవకైన దారి అంటే నాసిరకపు దారి అనే భ్రమ ఒకటి ఉంది. దానివల్ల పేదలు ఇప్పటికే ఒకసారి దెబ్బతిన్నారు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేని టీచర్లందరూ 2019 మార్చి 31లోగా అర్హత సాధించాలని గడువు పెట్టారు. జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ ద్వారా డీఎల్‌ఎడ్ నడిపారు. దేశమంతటా పది లక్షలకు పైగా టీచర్లు చేరారు. ఉద్యోగం చేస్తూనే, సొంత ఊళ్లో ఉంటూనే, దగ్గరి అధ్యయన కేంద్రంలో చదవవచ్చునని ఆ ప్రయోగం రుజువు చేసింది. కానీ రెండేళ్ల కోర్సును 18 నెలలకు కుదించారు. ఆ పట్టా కొత్త నియామకాలకు చెల్లుతుందా లేదా అని ఆ పేద టీచర్లు హైకోర్టుల నుంచి సుప్రీంకోర్టు దాకా తిరగవలసి వచ్చింది. మనం కోరవలసిన దారి కాబట్టి పూర్తి రెండేళ్లది, హాజరు ఉన్నది, బడిలో పిల్లల ముందు నిలబడి నేర్చుకునేది. తగ్గవలసింది దూరం, ఇంటిఖర్చు. చదువులో ఒక్క రోజు కూడా తగ్గకూడదు.

అది ఎలా ఉండాలో చెప్పడం కష్టం కాదు. ఉర్దూ ఉన్నత పాఠశాలలున్న పట్టణాల్లో, కదిరి, ఆదోని, మదనపల్లె, బోధన్, భైంసా వంటి చోట్ల, డైట్ అనుబంధ విభాగాలు తెరవాలి. భవనాలు ఉన్నాయి, బోధకులను డిప్యుటేషన్ మీద పంపవచ్చు. 1998 నుంచి హైదరాబాదులో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యాయ శిక్షణలో అనుభవం ఉంది. ఆ అనుభవం గచ్చిబౌలి ప్రాంగణం దాటి జిల్లాలకు రావాలి. కర్నూలులో 1947లోనే ఉస్మానియా కళాశాల స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉర్దూ విశ్వవిద్యాలయం పెట్టింది. రాయలసీమ ఉర్దూ బడులకు టీచర్లను అందించడం కన్నా దానికి పెద్ద పని ఏముంటుంది? చేరిన ప్రతి విద్యార్థికి నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. బదులుగా సొంత మండలంలో ఐదేళ్లు పనిచేస్తామని ఒప్పందం రాయించుకోవాలి. కోవిడ్ కాలంలో తెలంగాణలో ఒక్క మాటతో ఇంటికి పంపిన ఉర్దూ విద్యా వాలంటీర్లను ముందుగా ఈ శిక్షణలోకి తీసుకోవాలి. పిల్లల ముందు నిలబడిన అనుభవం వారికి అప్పటికే ఉంది.

డబ్బు లేదని ప్రభుత్వం అంటే నమ్మవద్దు. తెలంగాణలో షాదీ ముబారక్ కింద ఒక ఆడపిల్ల పెళ్లికి 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. ఆ పథకాన్ని ఎత్తేయమని నేను అనడం లేదు. అప్పుల పాలు కాకుండా బయటపడ్డ తండ్రులున్నారు. అంతే మొత్తాన్ని 24 నెలలకు పంచితే నెలకు నాలుగు వేల పైచిలుకు వస్తుంది, ఒక డీఎల్‌ఎడ్ విద్యార్థినికి రెండేళ్ల స్టైపెండు. పెళ్లికి లక్ష ఇవ్వగల ఖజానా చదువుకు లక్ష ఇవ్వలేనంటే అది ఖజానా సమస్య కాదు.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగవలసిన పని కూడా లేదు. ఒక పట్టణంలో పది మస్జిదులు ఉన్నాయనుకుందాం. ఒక్కో కమిటీ నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 1,20,000. ముగ్గురు విద్యార్థినులకు నెలకు మూడు వేల చొప్పున ఇస్తే 1,08,000 అవుతుంది. మిగిలినది పుస్తకాలకు, టెట్ ఫీజులకు సరిపోతుంది. మనం కొత్తగా పాలరాయి పరిచిన వజూఖానాల ఖర్చుతో పోల్చి చూసుకోవచ్చు. జకాత్ విషయంలో కొందరికి సందేహం ఉంటుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికే స్వాధీనం కావాలి. సొమ్ము కళాశాలకు కట్టకుండా పేద విద్యార్థిని చేతికే ఇస్తే ఆ షరతు నెరవేరుతుంది. ఇంకా సందేహం ఉన్నవారు తమ ఉలమాలను అడగవచ్చు.

డీసెట్ ప్రకటన ఏటా వస్తుంది, దరఖాస్తుల గడువు ఏటా మన కళ్లముందే దాటిపోతుంది. ఈసారి ప్రకటన వెలువడేలోగా ప్రతి జమాత్ తన వాడలో ఇంటర్ పాసైన అమ్మాయిల, అబ్బాయిల పేర్లు, మార్కులు, మాధ్యమం రాసి ఒక జాబితా సిద్ధం చేయాలి. ఒక జుమా నాడు ఖుత్బా తర్వాత డీసెట్ తేదీ చెప్పాలి. దరఖాస్తు రుసుము కమిటీయే కట్టాలి. వచ్చే జూన్‌లో కలెక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వినతిపత్రంతోపాటు ఆ జాబితా కూడా పట్టుకెళ్లాలి. అర్హులు లేరన్న జవాబు ఈసారి వస్తే, కాగలిగినవారు వీరు, శిక్షణ విభాగం మా ఊళ్లో ఎప్పుడు తెరుస్తారు అని తేదీ అడగాలి.